రాసేవి, చెరిపేవి, చదివేవి

మా పెద్దమ్మ ఆ సంగతి ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు.

ముట్లాగిపోయిన ఏడేళ్ళకి మళ్ళీ మరక కనిపించింది. వేడి చేసిందనుకుంది. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగింది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. ఈలోపు తోటలో పూత దిగింది. నూజివీడుకీ ఆగిరిపల్లికీ మధ్య ఆరెకరాల మామిడి తోట ఆవిడది. సగం చిన్నరసాలు, సగం బంగినపల్లి, గట్టు పక్కన నాలుగు కలెక్టరు చెట్లు. పెదనాన్న పోయాక, పూత మీదే వ్యాపారికి అమ్మేసి హాయిగా కూర్చోమని అందరూ చెప్పారు. వినలేదు. తేనెమంచుకి మందు ఎప్పుడు కొట్టాలో, ఏ చెట్టు ఈ ఏడు మొరాయిస్తుందో ఆవిడకి నోటికొచ్చు. ఒక కొమ్మకి ఆకు మాడితే పక్కూరి నుంచి మనిషిని పిలిపించే మనిషి, తన ఒంట్లోంచి నెత్తురు పోతుంటే మాత్రం "కోతలయ్యాక చూద్దాంలే" అనుకుంది.

"ఎవరికి చెప్పమంటావురా? ఈ వయసులో ఆ మాట నోటితో ఎలా అంటాం?" అంది తర్వాత నాతో. అప్పుడు కూడా "ఆ మాట" అనే అంది.

నిజానికి ఆ మాట తెలుగులో ఉందా అన్నది నా అనుమానం. పేపర్లలో "గర్భాశయ ముఖద్వార క్యాన్సర్" అని రాస్తారు. అది అనువాదం బల్ల మీద పుట్టిన మాట. మా అమ్మ గానీ, పెద్దమ్మ గానీ, తోటలో పనికొచ్చే ఆడవాళ్ళు గానీ "ముఖద్వారం" అనగా నేనెప్పుడూ వినలేదు. అందరికీ ఉన్నది ఒకటే మాట: గర్భసంచి. అందులో మూతికి వేరే పేరు లేదు. పేరు లేని చోటికి వచ్చిన జబ్బుకి సంచి మొత్తం పూచీ పడుతుంది. ఇది ఏదో భాషాశాస్త్రం పాయింట్ కోసం చెప్పట్లేదు, దీని సంగతి తర్వాత వస్తుంది.

2022 మార్చిలో అక్క బలవంతం చేసి విజయవాడ తీసుకెళ్ళింది. ముక్క పరీక్ష, స్కానింగ్. స్టేజి 2బి. అంటే ఆపరేషన్‌తో పోయే దశ దాటింది, కరెంటు పెట్టాలి, వారానికోసారి సిస్‌ప్లాటిన్ ఎక్కించాలి. రేడియేషన్‌ని మా వైపు కరెంటు అనే అంటారు. బయటి నుంచి ఇరవై అయిదు సిట్టింగులు, ఆ తర్వాత లోపలి నుంచి పెట్టే బ్రాకీథెరపీ. ఏప్రిల్, మే. సరిగ్గా కోతల టైం. అదే ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టారు. పెద్దమ్మ కృష్ణా జిల్లా మనిషిగా వైద్యం మొదలుపెట్టి ఏలూరు జిల్లా మనిషిగా పూర్తి చేసింది. "జిల్లా మారితే ఆరోగ్యశ్రీ ఆగదు కదా?" అన్నదొక్కటే ఆ రెండు నెలల్లో ఆవిడ పైకి చెప్పిన భయం.

నేను అప్పుడు వర్క్ ఫ్రమ్ హోమ్ పేరుతో నూజివీడులోనే ఉన్నా. పొద్దున ఆవిడతో బస్సులో, రాత్రి లాప్‌టాప్ ముందు. చదువుకున్నవాళ్ళకి ఒక రోగం ఉంటుంది: ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే దాని గురించి చదివితే అది కాస్త తగ్గుతుందనుకుంటాం. బయాలజీని పదో తరగతితో వదిలేసిన ఇంజనీర్ని. అయినా పరిశోధనా పత్రాల్లో పడ్డా. అర్థమైనంత వరకూ చదవడం, అర్థం కానిది పక్కన పెట్టి మళ్ళీ చదవడం. కవిత్వం చదివేటప్పుడు అలవాటైన పద్ధతే.

అక్కడ నన్ను ఆపింది మూడు మాటలు. రైటర్, ఇరేజర్, రీడర్. సైంటిస్టులు నిజంగా ఇవే పేర్లు వాడతారు. రాసేవి, చెరిపేవి, చదివేవి. పుస్తకాల గురించి నాలుగు ముక్కలు రాసుకునే నాలాంటివాడికి రాత్రి ఒంటిగంటకి ఇవి కనబడితే ఎలా ఉంటుందో ఊహించండి.

విషయం ఇదీ. డీఎన్ఏ ఇంట్లో బీరువాలో పెట్టిన దస్తావేజు అనుకుంటే, ఆర్ఎన్ఏ దాని జిరాక్సు. అసలు కాగితం బయటికి రాదు, పనంతా జిరాక్సు మీదే నడుస్తుంది. ఆ జిరాక్సు మీద ఎవరో పెన్సిల్‌తో చిన్న చుక్కలు పెడతారు. ఆర్ఎన్ఏలో ఏ, యూ, జీ, సీ అని నాలుగక్షరాలుంటాయి కదా, అందులో కొన్ని చోట్ల "ఏ" మీద ఒక మిథైల్ గుంపు, అంటే ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు, తగిలిస్తారు. దాని పేరు ఎం6ఏ. అక్షరం మారదు. "ఏ"ని "ఏ" గానే చదువుతారు. కానీ మీద చుక్క ఉంది. సగటున ఒక్కో జిరాక్సు మీద మూడో నాలుగో ఉంటాయి, అంతే. రాసేది ముఖ్యంగా మెటిల్3 అనే ఎంజైము, మెటిల్14ని జోడీగా పెట్టుకుని. చెరిపేవి ఎఫ్‌టీఓ, ఏఎల్‌కేబీహెచ్5. చదివేవి చాలానే ఉన్నాయి.

ఈ చుక్కల్ని 1974లోనే కనిపెట్టారు. ఆ తర్వాత మూడు దశాబ్దాల పైన ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, ఎందుకంటే ఏ కాగితం మీద ఎక్కడ చుక్క ఉందో చూసే ఉపాయం లేదు. 2011లో షికాగోలో చువాన్ హా బృందం ఎఫ్‌టీఓ ఈ చుక్కల్ని చెరిపేస్తుందని చూపించింది. అప్పుడు గానీ అందరూ లేచి కూర్చోలేదు. చెరపగలిగేదుంటే, ఆ రాత ఏదో మరక కాదు, కావాలని పెట్టిందే అన్నమాట. మరుసటి ఏడాదికి మొత్తం పటాలు వచ్చేశాయి.

నాకు బాగా నచ్చింది చదివేవాళ్ళ సంగతి. చుక్క ఒకటే. దాన్ని వైటీహెచ్‌డీఎఫ్2 అనే ప్రొటీను చదివితే ఆ కాగితాన్ని చింపడానికి పంపిస్తుంది. ఐజీఎఫ్2బీపీ కుటుంబం వాళ్ళు చదివితే జాగ్రత్తగా దాస్తారు. అంటే అర్థం చుక్కలో లేదు. రచయిత పోయాడు, అర్థం పాఠకుడిది అని మన దగ్గర ఎన్నేళ్ళుగా కొట్టుకుంటున్నాం! ఇక్కడ ఒక్కో కణంలో ఆ గొడవ క్షణక్షణం తేలిపోతోంది, ఎవరూ వ్యాసాలు రాయక్కర్లేదు.

పెద్దమ్మ తోటలో కూడా ఇలాంటిది ఒకటుంది. ముందు కోయాల్సిన చెట్ల మొదట్లో సున్నంతో గీత పెడుతుంది. కోత మనిషి ఆ గీత చూస్తే చిక్కం కర్ర పట్టుకుని ముందు అక్కడికే పోతాడు. మందు కొట్టేవాడు అదే గీత చూస్తే ఆ చెట్టు వదిలేసి ముందుకి పోతాడు. చెట్టు అదే, గీత అదే.

ఇంకో చిన్న సంగతి చెప్పి జబ్బు దగ్గరికొస్తా. ఆ చుక్కకి కావాల్సిన మిథైల్ ఎక్కడి నుంచి వస్తుంది? ఎస్-అడినోసిల్ మిథియోనిన్ అనే పదార్థం ఇస్తుంది. అది అయిపోతే మళ్ళీ నింపే చక్రంలో ఫోలిక్ ఆసిడ్‌ది ముఖ్యమైన పాత్ర. ఆ ఫోలిక్ ఆసిడ్‌ని 1940లలో లెడర్లీ కంపెనీలో తయారుచేసిన బృందానికి పెద్ద భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఫోలిక్ ఆసిడ్‌ని పోలిన దొంగ పదార్థంతో కణాన్ని మోసం చేసే మందులు, మెథోట్రెక్సేట్‌తో సహా, ఆ గదుల్లోంచే వచ్చాయి. ఆయన 1948లో పోయారు, ఈ చుక్కల గురించి తెలియకుండానే. నాకిది ఊరికే బాగుంటుంది. దీనికీ పెద్దమ్మ వైద్యానికీ సంబంధం లేదు.

ఇక జబ్బు. దాదాపు ఈ క్యాన్సర్లన్నిటి వెనకా ఉన్నది హెచ్‌పీవీ అనే వైరస్. దాంట్లో ముఖ్యంగా 16, 18 నంబర్ల రకాలు. హరాల్డ్ జుర్ హౌసెన్ ఈ సంగతి చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు, 2008లో నోబెల్ ఇచ్చారు. ఈ వైరస్ రాత మొత్తం ఎనిమిది వేల అక్షరాలు కూడా ఉండదు. ఈ వ్యాసం కంటే చిన్నది. అందులో ఈ6, ఈ7 అనే రెండు జన్యువులు చాలు. ఈ6, కణానికి కాపలాదారుడైన పీ53ని చంపిస్తుంది. ఈ7, ఆర్‌బీ అనే బ్రేకుని తీసేస్తుంది. చాలామందిలో ఒంటి నిరోధకశక్తి ఒకటి రెండేళ్ళలో వైరస్‌ని తరిమేస్తుంది. తరమలేని కొద్దిమందిలో అది పదేళ్ళు, పదిహేనేళ్ళు కూర్చుంటుంది. ఈ నిదానమే ఈ జబ్బులో అన్నిటికన్నా ఘోరమైన విషయం నాకు. పదిహేనేళ్ళు అవకాశం ఇస్తుంది.

ఆ వైరస్ తన కాగితాల మీద కూడా మన కణం చేతే చుక్కలు పెట్టించుకుంటుంది. 2019లో టెక్సస్ పరిశోధకులు ఒక వింత చూపించారు. ఈ7 ఆర్ఎన్ఏ కొన్నిసార్లు తోకా తలా కలుపుకుని గుండ్రంగా చుట్టుకుంటుంది. ఆ చుట్ట మీద ఎం6ఏ చుక్కలున్నాయి. అందులోంచి కూడా ఈ7 ప్రొటీను తయారవుతోంది. ఆ చుట్టని తగ్గిస్తే ప్రయోగశాలలోని క్యాన్సర్ కణాల పెరుగుదల తగ్గింది.

అయితే చుక్కలు ఎక్కువైతే మంచిదా, తక్కువైతే మంచిదా? ఇక్కడే నేను బోల్తా పడ్డా. 2017లో వచ్చిన ఒక అధ్యయనం, ఈ క్యాన్సర్ గడ్డల్లో పక్కనున్న మామూలు కణజాలం కంటే చుక్కలు తక్కువున్నాయనీ, తక్కువున్నవాళ్ళ పరిస్థితి అధ్వాన్నంగా ఉందనీ చెప్పింది. సరే, చెరిపేదే విలన్ అనుకున్నా. 2018లో ఇంకొకటి దానికి తగ్గట్టే ఉంది: గడ్డల్లో ఎఫ్‌టీఓ ఎక్కువుంది, అది బీటా-కెటెనిన్ దారిలో ఈఆర్‌సీసీ1 అనే మరమ్మతు ప్రొటీన్‌ని పెంచి, కణాలు రేడియేషన్‌కీ మందుకీ లొంగకుండా చేస్తోంది. 2020లో వచ్చింది దీనికి అడ్డంగా నిలబడింది: రాసే మెటిల్3 కూడా గడ్డల్లో ఎక్కువే, అది పెట్టే చుక్కల వల్ల చక్కెరని తెగమింగే ఎంజైము తాలూకు కాగితం చిరగకుండా నిలుస్తోంది, క్యాన్సర్‌కి తిండి దొరుకుతోంది.

ఒకరేమో చుక్కలు పోయాయంటారు, ఇంకొకరు చుక్కలు పెట్టేవాడే దొంగ అంటారు. మొదట చిరాకేసింది. తర్వాత అనిపించింది, మొత్తం చుక్కల లెక్క తీస్తే ఏం తెలుస్తుంది? ఒక నవలలో కామాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే నవల తెలుస్తుందా? ఏ వాక్యంలో, ఎవరు చదువుతుండగా అన్నది కావాలి. అది ఇంకా నడుస్తున్న పని. మెటిల్3ని ఆపే మందొకటి 2021లో ఎలుకల్లో రక్త క్యాన్సర్ మీద పనిచేసింది. అలాంటిదే ఇంకో మందు 2022 చివర్లో మనుషుల మీద మొదటి దశ పరీక్షలకి వచ్చింది. పెద్దమ్మకి వచ్చినలాంటి దానికి ఈ చుక్కల మీద పనిచేసే మందు ఆసుపత్రిలో ఇంకా లేదు. 2018 నాటి ఆ ఎఫ్‌టీఓ పేపర్ చదివిన రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. పెద్దమ్మకి అప్పటికి పదకొండో సిట్టింగు. ఆవిడ గడ్డలో చెరిపేవాడు ఎంత బలంగా ఉన్నాడో చెప్పే పరీక్ష ఏదీ ఆ ఆసుపత్రిలో లేదు, ఉన్నా చేయగలిగింది లేదు.

మరుసటి రోజు బస్సులో ఆవిడకి ఇదంతా చెప్పబోయా. ఎందుకు చెప్పానో తెలీదు. హనుమాన్ జంక్షన్ దాటాక, కిటికీ పక్కన కూర్చుని నిమ్మకాయ వాసన చూస్తూ వింది. సిస్‌ప్లాటిన్ ఎక్కించిన దగ్గర్నుంచీ వికారం.

"కాగితం మీద రాసేవాళ్ళుంటారు, చెరిపేవాళ్ళుంటారు, చదివేవాళ్ళుంటారు పెద్దమ్మా."

"తలరాత అని మేమన్నది అదే కదరా."

"తలరాత కాదు. అది చెరగదు. ఇది చెరుగుతుంది, మళ్ళీ రాస్తారు కూడా."

ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే నాకు రాసినవాడు మంచివాడా, చెరిపేవాడు మంచివాడా?" అంది.

నేను రాత్రంతా మూడు పేపర్లు చదివి తేల్చుకోలేని ప్రశ్న అది. "ఇంకా తెలీదు" అన్నా.

"తెలిశాక చెప్పు. నున్న మార్కెట్లో ఇవాళ రసాలు ఎంత పలికాయో ఫోన్ చేసి కనుక్కో ముందు."

ఈ చుక్కల చరిత్రలో నన్ను వదలని పేరు ఒకటుంది. 1975, 76ల్లో మనిషి ఆర్ఎన్ఏ మీద ఈ గుర్తుల్ని చూపించిన తొలి పనుల్లో కొన్ని హీలా కణాల మీద జరిగాయి. హీలా అంటే హెన్రియెట్టా లాక్స్. 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి నెత్తురు పోతోందని వచ్చిన నల్లజాతి మహిళ, వయసు 30. పెద్దమ్మకి వచ్చిన జబ్బే. లోపలి నుంచి రేడియం పెట్టి వైద్యం చేశారు. ఆమెని అడక్కుండా ఒక చిన్న ముక్క తీసి పెంచితే, ఆ కణాలు ఇవాళ్టికీ పెరుగుతూనే ఉన్నాయి. ఆమె ఆ అక్టోబర్‌లోనే చనిపోయింది. ఆ కణాల్లో హెచ్‌పీవీ 18 ఉందని ఎనభైల్లో తెలిసింది. రెబెక్కా స్క్లూట్ ఆమె మీద 2010లో రాసిన పుస్తకాన్ని నేను మొదటిసారి ఒక పాఠకుడిలా చదివా, కథనం బాగుందని మెచ్చుకున్నా కూడా. పెద్దమ్మ ముక్క పరీక్ష సీసా మీద పేరు అంటిస్తుంటే చూశాక మళ్ళీ తెరిచా. రెండో అధ్యాయం దాటలేకపోయా.

ఇక మా అమ్మ సంగతి.

అమ్మకి 2000లో, ముప్ఫై నాలుగేళ్ళప్పుడు, గర్భసంచి తీసేశారు. తెల్లబట్ట, నడుంనొప్పి అని ఒక నర్సింగ్ హోమ్‌కి వెళ్తే, "ఉంచితే క్యాన్సర్ అవుతుంది, పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకు" అన్నారట. ఆ పది రోజులూ నన్నూ అక్కనీ పెద్దమ్మ ఇంట్లో ఉంచారు. నాకు గుర్తున్నదల్లా గడ్డిలో మాగేసిన కాయలు, అర్ధరాత్రి లేచి దొంగతనంగా రసాలు తినడం. ఆ ఏడు పెదనాన్న తోటని పూత మీదే అమ్మేసి అమ్మ ఆపరేషన్‌కి డబ్బు సర్దాడు. ఆ తర్వాత పెద్దమ్మ మళ్ళీ ఎప్పుడూ పూత మీద అమ్మనివ్వలేదు. "కాయ చూడకుండా అమ్మితే మన నోట్లో మన్నే" అంటుంది. అదే నర్సింగ్ హోమ్‌లో ఆవిడక్కూడా తీయించుకోమని చెప్పారు. "పని ఎవరు చేస్తారు?" అని వచ్చేసింది.

ఇది మా ఇంటి కథ ఒక్కటే కాదు. మా వీధిలో నలభై దాటిన ఆడవాళ్ళలో గర్భసంచి ఉన్నవాళ్ళని లెక్కపెట్టడం తేలిక. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు 3.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.7. దేశంలో మనదే మొదటి స్థానం. అదే సర్వేలో, గర్భాశయ క్యాన్సర్ పరీక్ష జీవితంలో ఒక్కసారైనా చేయించుకున్న 30-49 ఏళ్ళవాళ్ళు దేశం మొత్తం మీద రెండు శాతం కూడా లేరు. వయసు లెక్కలు వేరు కాబట్టి ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టకూడదు. పెట్టకుండా ఉండలేకపోతున్నా. క్యాన్సర్ భయం చూపించి సంచి తీసేయడానికి మనకి ఊరూరా ఏర్పాటుంది. మూతి మీద దూదితో కాస్త వెనిగర్ రాసి, తెల్లబడిందా లేదా చూసే అయిదు నిమిషాల పనికి లేదు. మహారాష్ట్రలో ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో లక్షా ముప్ఫై వేల మంది ఆడవాళ్ళతో జరిగిన అధ్యయనం 2009లో వచ్చింది. ఒక్కసారి, జీవితంలో ఒకే ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసి, తేడా ఉన్నవాళ్ళకి వైద్యం చేస్తే ఈ జబ్బుతో చావులు దాదాపు సగానికి పడిపోయాయి. పెద్దమ్మకి 2009లో నలభై అయిదేళ్ళు.

అమ్మ దగ్గర ఈ లెక్కలేవీ చెల్లవు. "చూశావా, నేను తీయించుకున్నా, నాకు రాలేదు. అక్క నా మాట వినుంటే ఇవాళ ఈ కరెంట్లు, ఈ వాంతులు ఉండేవా?" అంటుంది. చెప్పాలంటే, ఆ మాటలో తప్పు పట్టడం కష్టం. మూతితో సహా తీసేస్తే ఆ మూతికి క్యాన్సర్ రాదు. తల తీసేస్తే తలనొప్పి రాదన్నట్టు. కానీ ఆ వాక్యం అమ్మ ముందు అనగలనా? ముప్ఫై నాలుగేళ్ళకే ముట్లు ఆగిపోయి, నలభైకల్లా మోకాళ్ళు పట్టేసిన మనిషికి మిగిలిన ఒకే ఒక్క లాభం అది, తనకి క్యాన్సర్ రాలేదన్నది.

పెద్దమ్మ వైద్యం జూన్‌కి అయిపోయింది. ఆ సీజను కాయ సగం రాలిపోయింది, మిగతాది అక్క, బావ కోయించారు. మూడు నెలలకోసారి చెకప్. ఇప్పటి వరకూ బానే ఉంది. అయిదేళ్ళు గడిస్తే గానీ డాక్టర్లు ఏ మాటా అనరు, రెండున్నర అయ్యాయి.

పోయిన దసరాకి మా మేనకోడలి టీకా గొడవ వచ్చింది. దానికి పదకొండేళ్ళు. సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ సర్వావాక్ 2022లోనే అనుమతి తెచ్చుకుంది, అప్పటికి ప్రభుత్వ టీకాల్లో లేదు, బయట వేయించుకోవాలి. నేను డబ్బిస్తానన్నా. బావ ఒప్పుకోలేదు. "ఖమ్మంలో ఆడపిల్లలు చచ్చిపోయారు, నాకు తెలుసు" అన్నాడు. బావది సత్తుపల్లి వైపు.

కొట్టిపారేసే మాట కాదది. 2009 జులైలో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ళ ఆడపిల్లలు పద్నాలుగు వేల మందికి పైగా గార్డసిల్ వేశారు. పాత్ అనే అమెరికన్ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. ఆ పిల్లల్లో చాలామంది గిరిజన హాస్టళ్ళలో ఉన్నవాళ్ళు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టేశారు. గుజరాత్‌లో జరిగిన ఇలాంటి కార్యక్రమంతో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్లో కేంద్రం ఆపేసింది. విచారణలో ఆ చావులకి టీకా కారణమని తేలలేదు. ఒక పాప క్వారీ నీళ్ళలో పడిపోయింది, ఒకరికి పాము కాటు, ఒకరికి మలేరియా, పురుగుమందు తాగినవాళ్ళున్నారు. కానీ సంతకాల విషయంలో తప్పులు జరిగాయని ఆ విచారణే ఒప్పుకుంది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తిట్టింది. నా ఉద్దేశంలో ఆ తిట్లు న్యాయమైనవే. టీకా మంచిదైనంత మాత్రాన అడక్కుండా వేయడం మంచిదైపోదు. హెన్రియెట్టాని కూడా ఎవరూ అడగలేదు.

విచిత్రం ఏంటంటే, ఆ గొడవలో దేశంలోని హెచ్‌పీవీ టీకా పరీక్షలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అందులో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ తొమ్మిది కేంద్రాల్లో నడుపుతున్న ఒక అధ్యయనం ఉంది. రెండు డోసులు చాలా, మూడు కావాలా అని చూడ్డానికి పెట్టింది. మధ్యలో ఆగిపోవడంతో దాదాపు అయిదు వేల మంది పిల్లలు ఒక్క డోసుతో మిగిలిపోయారు. వాళ్ళని వదిలేయకుండా పదేళ్ళు గమనిస్తూ వచ్చారు. 2021లో చూస్తే, 16, 18 రకాలు ఒంట్లో తిష్ఠ వేయకుండా ఒక్క డోసు కూడా 95 శాతం పైనే కాపాడుతోంది. 2022 డిసెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు కూడా సరిపోతుందంది. ఖమ్మంలో తెగిపోయిన దారం చివర దొరికిన సంగతి ఇది. బావకి ఇదంతా చెప్పా. ఆయన మొత్తం విని, "అయితే తప్పు చేసిందే కలిసొచ్చిందంటావ్" అన్నాడు. అలా అనలేదని చెప్పడానికి ఇంకో గంట పట్టింది.

చివరికి ఒప్పించింది నేను కాదు. పెద్దమ్మ. అన్నం తింటూ, "నా మనవరాలికి వేయించండి. నేను పడ్డది చాలు" అంది. అంతే, బావ మాట్లాడలేదు.

విజయవాడలో వేయించాం. దార్లో కార్లో తెలిసింది, అక్క దానికి జలుబు టీకా అని చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. ఖమ్మం గురించి రాత్రంతా ఉపన్యాసం ఇచ్చింది ఎందుకు? కారు ఆపించి, పక్కన చెరుకురసం బండి దగ్గర నిలబడి, దానికి నాకొచ్చిన భాషలో చెప్పా. గర్భసంచికి మూతి ఉంటుందని, అక్కడికి ఒక వైరస్ వస్తుందని, అమ్మమ్మకి వచ్చింది అదేనని. అక్క తల పక్కకి తిప్పుకుంది. పిల్ల గ్లాసు ఖాళీ చేసి ఒకటే అడిగింది: "ఈ వైరస్ అబ్బాయిల దగ్గర ఉండదా? వాళ్ళకెందుకు వేయరు?" కొన్ని దేశాల్లో వేస్తారని చెప్పా. "మరి మన దగ్గర?" అంది. చెరుకురసం డబ్బులిచ్చి కారెక్కా.

దీపావళికి వెళ్ళినప్పుడు అమ్మ మోకాళ్ళు చూపించా. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎముకలు బాగా గుల్లబారాయన్నాడు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీశారా అని అడిగాడు. అమ్మకి తెలీదు. కాగితాలుంటే తెమ్మన్నాడు.

అమ్మ కాగితాలేవీ పారేయదు. బీరువా కింది అరలో, పెళ్ళి పట్టుచీర కింద, బట్టల షాపు కవర్లో ఉంది ఆ ఫైలు. డిశ్చార్జి కాగితం మీద చేతిరాత. గర్భసంచి, రెండు అండాశయాలు తీసినట్టు రాసుంది. మత్తు ఇచ్చినవాళ్ళ బిల్లు, మందుల బిల్లు, గది అద్దె. పెదనాన్న పేరు మీద రసీదు. ఫైలు మొత్తం రెండుసార్లు తిరగేశా. ఆపరేషన్‌కి ముందు చేసిన పరీక్ష కాగితం ఒక్కటీ లేదు. తీసిన తర్వాత ముక్కని ఎక్కడికీ పంపించినట్టు కూడా లేదు.

"దొరికిందా?" వంటింట్లోంచి అమ్మ.

"దొరికింది."

"ఏం రాసుంది?"

డిశ్చార్జి కాగితం ఒక్కటీ తీసి, మిగతావి మడత పెట్టి మళ్ళీ అదే కవర్లో పెట్టేశా.

"గర్భసంచి తీసేశారని రాసుంది."

"అది నాకు తెలీదా," అంది అమ్మ.